సర్కారీ జబ్బు, వెండికాళ్ళ ఈగ

  పోస్ట్ పెద్దదే. మూడు రాత్రులు హాస్టల్ వరండాలో కూచొని రాశాను. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

నేను బీఎస్సీ జువాలజీ సెకండియర్. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. ఏం చదువుతున్నావురా అని మా గూడెంలో అడిగితే "పురుగుల చదువు" అని చెప్తాను. నవ్వుతారు. ఆ పురుగుల చదువు ఎందుకో నాకే ఈ మధ్య తెలిసింది, అందుకే రాస్తున్నాను.

పోయిన ఏడు వానాకాలం సెలవులకు ఇంటికెళ్తే మా గూడెంలో జ్వరాల సర్వే జరుగుతోంది. రక్తం తీసుకోడానికి వచ్చిన వాళ్ళలో ఒకాయన మా ఇంటి ముందు నిలబడి అన్నాడు: "గోడలకు పేడ పూస్తారు, పశువుల్ని ఇంటి పక్కనే కట్టేస్తారు, శుభ్రం ఉండదు. జ్వరాలు రాక ఏమొస్తాయి?" మా నాయనమ్మ ఏమీ అనలేదు. కొంగు తల మీదికి లాక్కుని లోపలికి పోయింది. నేను కాలేజీ చదువుతున్నోణ్ణి, పక్కనే ఉన్నాను. నాకూ జవాబు దొరకలేదు.

మా దగ్గర వచ్చేది మలేరియా. మలేరియా దోమ పేడలో పుట్టదు, నీళ్ళలో పుడుతుంది. ఆ ఒక్క ముక్క ఆ రోజు చెప్పాల్సింది. కానీ ఈ ఏడు ప్రాక్టికల్ క్లాసులో సూక్ష్మదర్శిని కింద ఇంకో పురుగును చూశాను. అది నిజంగానే పశువుల కొట్టాల్లో, మట్టిగోడ నెర్రెల్లో ఉంటుంది. పేరు శాండ్‌ఫ్లై. మనం ఇసుక ఈగ అనుకోవచ్చు. దాని కథ వెతుక్కుంటూ పోతే ఎక్కడో మేఘాలయ కొండల్లో, మనలాంటి ఆదివాసుల దగ్గర తేలింది. వరసగా చెప్తాను.

గారో కొండలు

ఇప్పటి మేఘాలయలో పడమటి వైపు గారో కొండలు ఉన్నాయి. గారోలు తమను తాము ఆచిక్ అని పిలుచుకుంటారు, కొండల మనుషులని అర్థం. బ్రిటిష్ వాళ్ళు 1866లో దాన్ని వేరే జిల్లా చేసి తురాలో ఆఫీసు పెట్టారు. కొండ లోపలి ఊళ్ళు మాత్రం లొంగలేదు. 1872లో సైన్యం మూడు వైపుల నుంచి ఎక్కింది. ఆ ఏడు డిసెంబర్ 12న పా టోగన్ సంగ్మా అనే గారో వీరుడు తన మనుషులతో ఎదురు నిలబడి చనిపోయాడు. మనకు కొమరం భీం ఎలాగో వాళ్ళకు ఆయన అలాగ. ఈ రోజుకీ మేఘాలయలో డిసెంబర్ 12 ఆయన రోజు.

సరిగ్గా ఈ కాలంలోనే ఆ కొండల అంచు ఊళ్ళలో ఒక కొత్త జ్వరం మొదలైంది. వారాల తరబడి, నెలల తరబడి జ్వరం తగ్గదు. మనిషి ఎండిపోతాడు, పొట్ట మాత్రం పెరుగుతుంది. ప్లీహం ఉబ్బి ఎడమ వైపు గట్టిగా చేతికి తగులుతుంది. మన పెద్దోళ్ళు "కడుపులో బల్ల పెరిగింది" అంటారే, అలాగ. ఒళ్ళు నల్లబడుతుంది. మందు లేని ఆ రోజుల్లో పట్టుకుంటే దాదాపు అందరూ పోయేవాళ్ళు. ఈ జబ్బునే కాలా ఆజార్ అన్నారు. కాలా అంటే నలుపు, ఆజార్ అంటే జబ్బు.

గారోలు మాత్రం వేరే పేరు పెట్టారు. వాళ్ళు దీన్ని సర్కారీ జబ్బు అన్నారు, దొరల జబ్బు అన్నారు. ఇది బ్రిటిష్ డాక్టర్ల రాతల్లోనే ఉంది. దొరలు రాకముందు ఈ జబ్బు తమకు లేదని, బాటలు పడ్డాక, కింది మైదానాలతో రాకపోకలు పెరిగాక వచ్చిందని వాళ్ళ లెక్క.

చదువురాని వాళ్ళ మూఢనమ్మకం అని దీన్ని కొట్టిపారేయొచ్చు. కానీ తర్వాత ఏమైందో చూడండి. జబ్బు గారో కొండల దగ్గర ఆగలేదు. బ్రహ్మపుత్ర లోయ వెంబడి తూర్పుకి, ఒక జిల్లా తర్వాత ఒక జిల్లా పాకింది. గోల్‌పాడా, కామరూప్, ఆ తర్వాత నౌగాంగ్. మనుషులు నడిచే దారి వెంటే నడిచింది. 1891కీ 1901కీ మధ్య నౌగాంగ్ జిల్లా జనాభా నాలుగో వంతు దాకా తగ్గిపోయింది. పదేళ్ళలో ప్రతి నలుగురిలో ఒకరు లేకుండా పోవడం అంటే ఊహించుకోండి. అందరూ చనిపోయారని కాదు, కొందరు ఊళ్ళు వదిలి పారిపోయారు కూడా. కానీ కారణం ఎక్కువగా ఇదే.

జబ్బు రాకపోకల వెంట కదులుతోందని గారోలు చూసింది నిజం. ఏది మోస్తోందో మాత్రం వాళ్ళకు తెలీదు. డాక్టర్లకూ తెలీదు.

ముగ్గురు డాక్టర్లు, తప్పు జవాబులు

సర్కారు 1890 ప్రాంతంలో జైల్స్ అనే డాక్టర్‌ను అస్సాం పంపింది. ఆయన రోగుల్ని పరీక్ష చేస్తే పేగుల్లో కొంకిపురుగులు కనిపించాయి. కాలా ఆజార్ అంటే కొంకిపురుగుల జబ్బే అని తేల్చేశాడు. నిజానికి అక్కడ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కడుపులో కూడా ఆ పురుగులు ఉంటాయి.

కొన్నేళ్ళకు లియోనార్డ్ రోజర్స్ వచ్చాడు. ఇది మలేరియానే, కాకపోతే బాగా ముదిరిన మలేరియా అన్నాడు.

మూడో ఆయన మన వాళ్ళందరికీ తెలిసిన రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, దోమ కడుపులో మలేరియా సూక్ష్మజీవిని చూసినాయన. ఆ పనికి హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమల చేత కుట్టించుకున్నాడు, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. రాస్‌కు అంతకుముందు రెండేళ్ళు ఏమీ దొరకలేదు. ఎందుకంటే ఆయన వేరే రకాల దోమల్ని కోసి చూస్తున్నాడు. రెక్కల మీద మచ్చలున్న దోమ చేతికి వచ్చినప్పుడే దొరికింది. దాని శాస్త్రీయమైన పేరు కూడా ఆయనకు తెలీదు, మచ్చల రెక్కల దోమ అని రాసుకున్నాడు. అంటే సరైన పురుగును వేరు చేయడంలోనే అసలు సంగతంతా ఉంది.

మరుసటి ఏడు అదే రాస్‌ను కాలా ఆజార్ సంగతి చూడమని అస్సాం పంపారు. ఆయన కూడా ఇది మలేరియా రకమే అని రాశాడు. అంత పెద్దాయన కూడా తనకు తెలిసిన జబ్బునే అక్కడా చూశాడు. తప్పు పట్టడానికి చెప్పట్లేదు. ఒక చోట నిజమైంది ఇంకో చోట నిజం కాకపోవచ్చని చెప్తున్నాను. మా ఇంటి ముందు నిలబడి మాట్లాడిన ఆయన చేసింది కూడా అదే కదా.

మద్రాసు ఆసుపత్రిలో

జబ్బు సూక్ష్మజీవి దొరికింది 1903లో, రెండు చోట్ల. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో ఉద్యోగం చేసి జ్వరంతో ఇంగ్లండ్ తిరిగెళ్ళి చనిపోయిన ఒక సైనికుడి ప్లీహంలో విలియం లీష్మన్ 1900లోనే చిన్న చిన్న గుండ్రటి కణాలు చూశాడు. అవేంటో తేలక మూడేళ్ళు ఆగి 1903లో ప్రచురించాడు. అదే ఏడు మద్రాసు ప్రభుత్వ ఆసుపత్రిలో చార్లెస్ డొనోవన్ అవే కణాల్ని చూశాడు. చనిపోయినవాళ్ళలోనే కాదు, బతికున్న రోగి ప్లీహం నుంచి సూదితో తీసి కూడా చూశాడు. ఇద్దరి పేర్లూ కలిపి రాస్ ఆ జీవికి లీష్మానియా డొనోవనీ అని పేరు పెట్టాడు. ఇప్పటికీ అదే పేరు. మన ఆంధ్ర జిల్లాలు, గోదావరి ఏజెన్సీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి, కాబట్టి ఈ కథలో ఒక అధ్యాయం మన పాత రాజధానిలోనే జరిగిందన్నమాట.

సరే, ఇది మలేరియా కాదని తేలింది. మరి ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఎలా పోతోంది?

కొన్ని వందల గజాల దూరం

దీనికి మొదటి ఆధారం ప్రయోగశాలలో కాదు, అస్సాం తేయాకు తోటల్లో దొరికింది. ఆ తోటల్లో పని చేసినవాళ్ళు ఎవరు? ఎక్కువమంది ఛోటా నాగపూర్, సంతాల్ పరగణాల నుంచి తరలించుకొచ్చిన ముండాలు, ఒరావన్‌లు, సంతాలులు. మన వాళ్ళే. వరసగా కట్టిన ఇరుకు ఇళ్ళలో ఉంచేవాళ్ళు. ఒక వరసలోకి కాలా ఆజార్ వచ్చిందంటే ఇల్లు తర్వాత ఇల్లు తుడుచుకుపోయేది.

నౌగాంగ్‌లో డాడ్స్ ప్రైస్ అనే తోటల డాక్టర్, రోజర్స్‌తో కలిసి ఒక పని చేశాడు. జబ్బు లేని కుటుంబాల్ని తీసి, పాత ఇళ్ళకు కొన్ని వందల గజాల దూరంలో కొత్త ఇళ్ళు కట్టించి అక్కడికి మార్చాడు. అంతే. వాళ్ళకు జబ్బు రాలేదు. అదే తోట, అదే పని, అదే నీళ్ళు, అదే తిండి. కొద్ది దూరం జరిగితే చాలు, ఆగిపోయింది.

దీన్నిబట్టి ఏం అర్థమవుతుంది? జబ్బు గాలిలో లేదు, నీళ్ళలో లేదు, ఆ మనుషుల జాతిలో లేదు. ఆ ఇంట్లో ఉంది. ఇంటిని అంటిపెట్టుకుని, ఎక్కువ దూరం పోలేని ఏదో ఒకటి దాన్ని మోస్తోంది.

అందరూ నల్లిని అనుమానించారు. మంచాల్లో, గోడల్లో ఉంటుంది, రాత్రి కుడుతుంది, ఎగరదు. మద్రాసులో పాటన్ అనే డాక్టర్ ఏళ్ళ తరబడి నల్లుల మీదే పని చేశాడు. నల్లి కడుపులో సూక్ష్మజీవి కొంత పెరిగినట్టు కనిపించింది కూడా. కానీ నల్లి కుడితే జబ్బు వచ్చిందని ఎవరూ చూపించలేకపోయారు. నల్లులు దేశమంతా ఉన్నాయి, కాలా ఆజార్ మాత్రం గంగా బ్రహ్మపుత్రల వైపే ఎక్కువగా ఉంది. లెక్క కుదరలేదు.

ఆ ఈగ ఎలా ఉంటుంది

ఇప్పుడు ఇసుక ఈగ దగ్గరికి వద్దాం. ఇసుకలో ఉంటుంది కాబట్టి ఆ పేరు అనుకుంటారు, కాదు. దాని రంగు ఇసుక రంగు.

నువ్వుగింజంత ఉంటుంది, రెండు మూడు మిల్లీమీటర్లు. దోమలో మూడో వంతు ఉంటుందేమో. ఒళ్ళంతా వెంట్రుకలు. దోమ వాలినప్పుడు రెక్కలు వీపు మీద పరుచుకుంటుంది. ఇది అలా కాదు, రెక్కలు రెండూ పైకెత్తి విడదీసి పెడుతుంది. గుర్తుపట్టడానికి ఇదే మొదటి గుర్తు. ఒకేసారి దూరం ఎగరలేదు, గోడ మీద గెంతుతున్నట్టు చిన్న చిన్నగా ఎగురుతుంది. దోమలాగ చెవి దగ్గర గుయ్యిమనదు, చప్పుడే ఉండదు. పొద్దుగూకిన దగ్గర నుంచి తెల్లారేదాకా తిరుగుతుంది. పగలు గోడ నెర్రెల్లో, చీకటి మూలల్లో, పశువుల కొట్టంలో దాక్కుంటుంది. రక్తం తాగేది ఆడ ఈగ మాత్రమే. గుడ్లు నీళ్ళలో పెట్టదు. పేడ, కుళ్ళిన ఆకులు కలిసిన చెమ్మ మట్టిలో పెడుతుంది. అందుకే నీళ్ళ గుంటలు పూడ్చినంత మాత్రాన ఇది పోదు.

ఇంతవరకు కంటితో చూడొచ్చు. కానీ ఇది ఏ ఇసుక ఈగ అని చెప్పడం కంటితో కాదు. ప్రపంచంలో వీటి జాతులు దాదాపు వెయ్యి. జబ్బు మోసేవి అందులో వంద లోపే. మన ఇళ్ళలో దొరికేవాటిలో రెండు ముఖ్యమైన గుంపులు ఉన్నాయి. ఒకటి ఫ్లెబొటోమస్, ఇంకొకటి సెర్జెంటోమియా. రెండోది ఎక్కువగా బల్లుల రక్తం తాగుతుంది. ఒకే గోడ మీద రెండూ పక్కపక్కనే వాలి ఉంటాయి. పట్టుకున్న వంద ఈగల్లో ఏది ఏదో వేరు చేయకపోతే ఆ లెక్క దేనికీ పనికిరాదు.

వేరు చేసే పద్ధతి మా లెక్చరర్ చూపించారు. టార్చిలైటు పట్టుకుని, నోటితో పీల్చే గొట్టంతో గోడ మీది ఈగల్ని ఒక్కొక్కటే పట్టాలి. లేకపోతే ఆముదం రాసిన కాగితాలు వేలాడదీస్తే వాటికి అంటుకుంటాయి. రాత్రిపూట లైటు ఉచ్చులు పెడతారు. పట్టినవాటిని ఆల్కహాల్‌లో వేయాలి. తర్వాత పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెడితే లోపలి కండ కరిగి ఒళ్ళు అద్దంలాగ అవుతుంది. అప్పుడు స్లైడు మీద పెట్టి చూడాలి. పొట్ట మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉంటే చాలావరకు ఫ్లెబొటోమస్, పడుకుని ఉంటే సెర్జెంటోమియా. నోటి లోపల పళ్ళ వరస స్పష్టంగా ఉంటే సెర్జెంటోమియా. ఆ తర్వాత గొంతు ఆకారం, ఆడదాని పొట్ట చివర వీర్యం దాచుకునే చిన్న సంచి ఆకారం, మగదాని తోక చివరి కొక్కేలు చూసి జాతి చెప్పాలి. నేను మొదటిసారి చేసినప్పుడు తల ఊడిపోయింది. రెండోసారి సంచి చిరిగింది. మూడోసారి కనిపించింది. ఆ రోజు హాస్టల్‌కి నడుచుకుంటూ వస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది.

కాలా ఆజార్ మోసే ఈగకు 1908లో కలకత్తా ఇండియన్ మ్యూజియంకి చెందిన అన్నండేల్, బ్రునెట్టి శాస్త్రీయంగా పేరు పెట్టారు. ఫ్లెబొటోమస్ అర్జెంటిపెస్. లాటిన్‌లో అర్జెంటిపెస్ అంటే వెండికాళ్ళది. కాళ్ళు తెల్లగా మెరుస్తాయి కాబట్టి. అప్పటికి అది జబ్బు మోస్తుందని వాళ్ళకు తెలీదు. మ్యూజియంలో పెట్టెలో పేరు రాసి పెట్టారు, అంతే.

1920ల్లో జాన్ సింటన్ అనే మిలటరీ డాక్టర్ దేశంలోని ఇసుక ఈగలన్నిటినీ ఒక్కొక్కటే చూసి, పోల్చి, ఏది ఏదో గుర్తుపట్టే పట్టికలు తయారు చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన మనిషి ఆయన. అంత సైనికుడు కూచొని ఈగల గొంతులు కొలిచాడు. ఏ జాతి ఎక్కడెక్కడ దొరుకుతోందో పటం వేసుకుంటే ఒక సంగతి బయటపడింది. కాలా ఆజార్ ఉన్న చోట్లకీ వెండికాళ్ళ ఈగ ఉన్న చోట్లకీ పోలిక కుదురుతోంది. ఇది ఈగల్ని వేరు చేయడం వచ్చినవాడికే కనిపించే సంగతి. అన్నిటినీ కలిపి ఇసుక ఈగలు అని రాసుకుంటే ఎప్పటికీ కనిపించేది కాదు.

ఎండుద్రాక్ష

1924లో కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో నోల్స్, నేపియర్, స్మిత్ రోగుల్ని కుట్టిన వెండికాళ్ళ ఈగల కడుపులో సూక్ష్మజీవి తోకతో ఈదుతూ పెరగడం చూశారు. ఇక అయిపోయింది అనుకున్నారు. అవ్వలేదు. ఆ ఈగలు కుడితే జబ్బు రావాలి కదా, రాలేదు. ఏళ్ళ తరబడి ప్రయత్నించారు. అస్సాంలో దీనికోసమే కాలా ఆజార్ కమిషన్ పెట్టారు. అయినా తేలలేదు.

ముడి విప్పింది ఎండుద్రాక్ష. 1940 ప్రాంతంలో స్మిత్, హల్దర్, అహ్మద్ అనే ముగ్గురు, ఈగ ఒకసారి రక్తం తాగాక దానికి మళ్ళీ రక్తం బదులు ఎండుద్రాక్ష రసం పెట్టి చూశారు. ఇసుక ఈగలు మామూలుగా చెట్ల రసం, పళ్ళ రసం కూడా తాగుతాయి. తీపి తగలగానే సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి ఈగ గొంతుకు అడ్డం పడ్డాయి. గొంతు మూసుకున్న ఈగ మళ్ళీ కుట్టినప్పుడు అవి మనిషి ఒంట్లోకి దిగుతాయి. ఈ పద్ధతి వాడి స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అస్సాంలో ఈగల చేత వాలంటీర్లను కుట్టించి, వాళ్ళకు జబ్బు సోకిందని 1942లో ప్రచురించారు. రుజువు పూర్తయింది.

లీష్మన్ మొదట చూసింది 1900లో, రుజువైంది 1942లో. నలభై రెండేళ్ళు. స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. చేతులు చాపి కుట్టించుకుని జబ్బు తెచ్చుకున్నవాళ్ళను "వాలంటీర్లు" అని మాత్రమే రాస్తారు. హుస్సేన్ ఖాన్‌కు కనీసం పేరు మిగిలింది.

మందు మాత్రం ముందే వచ్చింది. కలకత్తా క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో ఒక చిన్న గదిలో పని చేసిన ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి యూరియా స్టిబమైన్ తయారు చేశాడు. 1922 నుంచి అది లక్షల ప్రాణాలు కాపాడింది. మన దేశపు డాక్టర్, మన దేశంలో కనిపెట్టిన మందు. ఈ పేరు మన పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక్క లైన్లో ఉంటుంది, గుర్తుపెట్టుకోండి.

పోయింది, మళ్ళీ వచ్చింది

1953లో దేశమంతా మలేరియా కోసం ఇళ్ళలో డీడీటీ కొట్టడం మొదలుపెట్టారు. దోమల కోసం కొడితే ఇసుక ఈగలు కూడా చచ్చాయి. 1960ల్లో కాలా ఆజార్ దాదాపు కనబడకుండా పోయింది. పోయిందనుకుని స్ప్రే ఆపేశారు. ఈగ పోలేదు. 1977లో బీహార్‌లో మళ్ళీ లేచింది, ఆ ఏడు 18 వేలకు పైగా కేసులు. 1992లో దేశంలో 77,102 కేసులు, 1,419 మరణాలు సర్కారు లెక్కల్లోనే ఉన్నాయి.

మళ్ళీ డీడీటీ కొట్టారు. ఈసారి చాలా చోట్ల ఈగలు దానికి అలవాటు పడిపోయాయి, చావలేదు. ఈ సంగతి ఎలా తెలుస్తుంది? ఈగల్ని పట్టి, జాతి వేరు చేసి, మందు రాసిన కాగితం మీద వదిలి ఎన్ని చచ్చాయో లెక్కపెడితేనే తెలుస్తుంది. అలా చూశాకే 2015, 16 ప్రాంతంలో మందు మార్చారు. ఆరడుగుల ఎత్తుదాకా ఇంటి గోడలకు, పశువుల కొట్టాలకు కూడా కొట్టడం మొదలైంది. ఒక్క డోసు ఇంజెక్షన్ మందు, పది నిమిషాల్లో తేలే రక్తపరీక్ష కూడా తోడయ్యాయి.

2022 నాటికి బీహార్, జార్ఖండ్, బెంగాల్, ఉత్తరప్రదేశ్‌లలో ఈ జబ్బున్న 633 బ్లాకుల్లో 632 లక్ష్యం చేరాయి. పదివేల మందికి ఒక్క కేసు కన్నా తక్కువ ఉండాలన్నది లక్ష్యం. మిగిలిన ఆ ఒక్క బ్లాకు ఏది? జార్ఖండ్ పాకుడ్ జిల్లాలోని లిట్టీపాడా. సంతాలులు, పహాడియాలు ఉండే కొండ ప్రాంతం. మొదట పోరాడింది గారో కొండలు, చివరిదాకా మిగిలింది సంతాల్ పరగణా కొండలు. 2023లో అది కూడా లక్ష్యం చేరింది, దేశం మొత్తం కేసులు 600 లోపుకు వచ్చాయి. మంచి వార్తే. కానీ 1960ల్లో కూడా ఇలాగే పోయిందనుకున్నారని మరిచిపోకూడదు. జ్వరం తగ్గిన కొంతమందికి ఏళ్ళ తర్వాత చర్మం మీద తెల్ల మచ్చలు, బొడిపెలు వస్తాయి. నొప్పి ఉండదు కాబట్టి ఆసుపత్రికి పోరు. కానీ వాళ్ళను కుట్టిన ఈగ మళ్ళీ జబ్బు మోస్తుంది.

పశువులు, కుక్కలు, మన ఊళ్ళు

వెండికాళ్ళ ఈగకు మనిషి రక్తం కన్నా ఆవు రక్తమంటేనే ఇష్టం. కానీ ఆవుకు కాలా ఆజార్ రాదు, మన దేశంలో ఇది మనిషి నుంచి మనిషికే. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాల్లో దీని చుట్టపు జబ్బు కుక్కల్లో ఉంటుంది. 1908లో ట్యునిస్‌లో చార్లెస్ నికోల్ కుక్కల్లో దాన్ని కనిపెట్టాడు. అక్కడ కుక్కల్ని చూసుకోవాలి, ఇక్కడ రోగిని త్వరగా గుర్తించి మందు ఇవ్వాలి. ఈగ జాతి మారితే, సూక్ష్మజీవి మారితే, చేయాల్సిన పని కూడా మారుతుంది.

దక్షిణాదిలో మనకేం సంబంధం అనుకోవద్దు. కేరళలో పడమటి కనుమల్లో, తిరువనంతపురం జిల్లా అడవుల్లో ఉండే కాణి ఆదివాసుల్లో చర్మం మీద పుండ్లుగా వచ్చే లీష్మానియా దొరికింది. పరీక్ష చేస్తే అది కాలా ఆజార్ తెచ్చే లీష్మానియా డొనోవనీయే.

మన దగ్గర 2003 ఎండాకాలం చివర, వానల మొదట్లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు మెదడువాపు వచ్చింది. కరీంనగర్, వరంగల్ వైపు పెద్దోళ్ళను అడగండి, గుర్తుంటుంది. ఆసుపత్రుల్లో చేరిన 329 మంది పిల్లల్లో 183 మంది చనిపోయారు. చండీపుర వైరస్ అని తేల్చారు. 1965లో నాగపూర్ దగ్గర మొదటిసారి దొరికిన వైరస్ అది. అది లీష్మానియా కాదు, వేరే జబ్బు. కానీ దాన్ని మోసేది కూడా ఇసుక ఈగే అంటారు. అంటే ఆ ఈగ మన గోడల మీద కూడా ఉంది.

చివరగా

మా ఇంటి ముందు నిలబడి మాట్లాడిన ఆయనకు ఇప్పుడు నా దగ్గర జవాబు ఉంది. అది కోపం జవాబు కాదు.

మట్టిగోడ నెర్రెల్లో, పశువుల కొట్టంలో ఇసుక ఈగ ఉంటుందన్నది నిజమే. దాన్ని నేను దాచిపెట్టను. కానీ "మీరు మురికిగా ఉంటారు" అనడం వేరు, "ఈ ఈగ ఈ నెర్రెలో ఉంటుంది, దీన్ని పూడ్చాలి, ఈ ఎత్తుదాకా మందు కొట్టాలి" అనడం వేరు. మొదటి మాట మా నాయనమ్మకు తలవంపు మిగిల్చింది. రెండో మాట చెప్పి ఉంటే ఆమెకు ఒక పని చెప్పినట్టయ్యేది. ఆమె ఆ సాయంత్రమే మట్టి పిసికి నెర్రెలు పూడ్చేది, ఆమె సంగతి నాకు తెలుసు. తోట ఇళ్ళలో సంతాలులు చచ్చిపోయింది వాళ్ళు మురికి మనుషులై కాదు. ఆ ఇరుకు వరసల్లో వాళ్ళను పెట్టింది వేరేవాళ్ళు. కొన్ని వందల గజాలు జరిపితే బతికారు. పురుగు పేరు తెలియనంత కాలం తప్పంతా మనిషి మీద పడుతుంది. పేరు తెలిశాక పని మొదలవుతుంది, ఆ పని ఎవరు చేయాలో కూడా తెలుస్తుంది.

అందుకే మూడు మాటలు. స్ప్రే చేసేవాళ్ళు వస్తే మన వాళ్ళు వాసనని, గోడ పాడవుతుందని వద్దంటారు. మనం దగ్గరుండి ఒప్పించాలి, పశువుల కొట్టం కూడా వదలొద్దని అడగాలి. రెండోది, జార్ఖండ్, బీహార్ వైపు పనులకు పోయి వచ్చినవాళ్ళకు రెండు వారాలు దాటి జ్వరం ఉండి, పొట్టలో ఎడమ వైపు గట్టిగా తగిలితే, ఆ ఊరు పోయొచ్చారని డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. మూడోది తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు. జువాలజీ తీసుకుంటే ఏం వస్తుందని నన్ను చాలామంది అడిగారు. టార్చిలైటు పట్టుకుని గోడ మీది నువ్వుగింజంత ఈగను చూసి ఇది ఏదో చెప్పగలిగే మనిషి, మన గూడెం భాష తెలిసిన మనిషి, ఇప్పటికీ చాలా తక్కువ. ఆ మనిషి మనలోంచి ఎందుకు రాకూడదు?

గారోలు ఆ జబ్బుకు సర్కారీ జబ్బు అని పేరు పెట్టి నూట యాభై ఏళ్ళు కావస్తోంది. వాళ్ళు జబ్బు దారిని చూశారు, దాన్ని మోసే ఈగను చూడ్డానికి అప్పుడు వాళ్ళ దగ్గర అద్దం లేదు. ఇప్పుడు మా కాలేజీ ల్యాబులో ఉంది, మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు మాకు ఇస్తారు.

రాసిన దాంట్లో తప్పులుంటే సీనియర్ అన్నలు, అక్కలు దిద్దండి. మీ ఊళ్ళలో పెద్దవాళ్ళు పాత జ్వరాల గురించి ఏమైనా చెప్తే, వాటికి మన భాషల్లో ఏ పేర్లు ఉండేవో కింద రాయండి. అన్నీ ఒకచోట రాసి పెడతాను.

జై ఆదివాసీ.